ఎముక కాన్సర్ – ఫౌజీ డిజబిలిటీ పెన్షన్: ఒక చిన్న చరిత్ర

మన సంచికల్లో యుద్ధాల గురించి, పతకాల గురించి, రెజిమెంట్ల గురించి ఎన్నో వ్యాసాలు వచ్చాయి. రావాలి కూడా. ఈసారి నేను ఒక జబ్బు గురించి, ఆ జబ్బు వచ్చిన జవానుకి సర్కారు పెన్షన్ ఎలా లెక్కగట్టిందన్న దాని గురించి రాద్దామనుకున్నాను. వినడానికి ఇది చరిత్రలా అనిపించకపోవచ్చు. కాని కాలు పోయిన కుర్రాడికి జీవితాంతం పెన్షన్ ఇవ్వాలా, చేతిలో కొంచెం గ్రాట్యుటీ పెట్టి ఇంటికి పంపాలా అన్నది తేల్చే మాటలు ఎప్పుడు, ఎక్కడ పుట్టాయో తెలుసుకోవడం కూడా మన చరిత్రే.

నేను ఇరవై ఎనిమిదేళ్ళు క్లర్కు ట్రేడులో పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాను. డాక్టర్ని కాను, వకీలునీ కాను. చదువు ఇంటర్మీడియెట్. కాబట్టి కాగితాల వైపు నుంచి నాకు తెలిసినది మాత్రమే చెబుతాను.

జబ్బు సంగతి

ఎముకలోనే పుట్టే కాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఆస్టియోసార్కోమా. ఇది అరుదైన జబ్బు. అయితే వచ్చే వయసు చూడండి. ఎముకలు ఎదిగే వయసులో, అంటే పది నుంచి ఇరవై అయిదేళ్ళ లోపు వాళ్ళకే ఎక్కువ. వచ్చే చోటు కూడా ఎక్కువగా మోకాలి దగ్గరే, తొడ ఎముక కింది కొస, లేదంటే పిక్క ఎముక పై కొస. మన ఫౌజులో భర్తీ అయ్యే వయసు అదే. ట్రైనింగులో దెబ్బలు తగిలేదీ ఆ మోకాలికే. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

కుర్రాడు పరుగెత్తి వస్తాడు, మోకాలు నొప్పంటాడు. బెణికింది కాబోలు అనుకుంటారు. ఎం.ఐ. రూములో నొప్పి మాత్రలిస్తారు, రెండు రోజులు రెస్టు రాస్తారు. నొప్పి తగ్గినట్టే తగ్గి రాత్రిపూట మళ్ళీ లేస్తుంది. వాపు గట్టిపడుతుంది. అప్పుడు ఎక్స్-రే తీస్తే ఎముక అంచున సూర్యకిరణాల్లా గీతలు కనిపిస్తాయి. ముక్క తీసి పరీక్ష చేస్తే గాని ఖాయం కాదు. ఇది తొందరగా పాకే జబ్బు. ముందు వెళ్ళేది ఊపిరితిత్తులకే.

కలకత్తా, ఎక్స్-రే, కాన్సర్ ఆసుపత్రి

మనం ఉంటున్న ఈ ఊరికి ఈ కథలో చోటుంది. ఎక్స్-రే కిరణాలు 1895లో బయటపడ్డాయి. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే ఇక్కడి ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్ర బోస్ సొంతంగా పరికరం తయారుచేసి ఎక్స్-రే ఫోటోలు తీశారు. 1926లో దేశబంధు చిత్తరంజన్ దాస్ ఇచ్చిన ఇంట్లో చిత్తరంజన్ సేవాసదన్ మొదలయింది. దాని పక్కనే డాక్టర్ సుబోధ్ మిత్ర పట్టుదలతో కాన్సర్ ఆసుపత్రి లేచింది. 1950 జనవరి 2న దాన్ని ప్రారంభించింది మేరీ క్యూరీ కూతురు ఐరీన్ జోలియో క్యూరీ. అదే ఇవాళ్టి చిత్తరంజన్ నేషనల్ కాన్సర్ ఇన్‌స్టిట్యూట్. 2011లో న్యూటౌన్‌లో టాటా మెడికల్ సెంటర్ వచ్చింది.

ఫౌజు వైపు చూస్తే, 1963లో ఈస్టర్న్ కమాండ్ హెడ్‌క్వార్టర్స్ లక్నో నుంచి ఇక్కడి ఫోర్ట్ విలియంకి వచ్చింది. ఆ కోటనే 2024 డిసెంబరు నుంచి విజయ్ దుర్గ్ అంటున్నాం. సిక్కిం, అరుణాచల్ కొండల్లో జబ్బుపడ్డ జవాన్లు పెద్ద వైద్యానికి అలీపూర్ కమాండ్ ఆసుపత్రికి దిగివస్తారు. వాళ్ళలో మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళు తక్కువేమీ కాదు. వాళ్ళ అమ్మానాన్నలు హౌరాలో రైలు దిగితే హిందీ రాదు, బెంగాలీ రాదు. కలకత్తాలో పోస్టింగులో ఉన్నన్నాళ్ళూ, రిటైరయ్యాక కూడా, అలాంటివారికి మాట సాయానికి నేను చాలాసార్లు వెళ్ళాను.

మన భీమవరం వాడి మందు

1970కి ముందు ఈ జబ్బుకి ఒక్కటే దారి, కాలు తీసెయ్యడం. తీసేసినా అయిదుగురిలో నలుగురు బతికేవారు కాదు. అప్పటికే ఊపిరితిత్తులకి పాకిన కణాలు లోపల దాగి ఉండేవి. 1970ల మొదట్లో బోస్టన్ డాక్టర్లు మెథోట్రెక్సేట్ అనే మందు పెద్ద మోతాదులో ఇచ్చి, వెంటనే దాని విషం విరిగే మందు కూడా ఇచ్చి ఫలితం చూశారు. తర్వాత ఇంకో రెండు మూడు మందులు కలిశాయి. జబ్బు పాకకముందే పట్టుకుంటే ఇప్పుడు నూటికి అరవై, డెబ్బై మంది దాకా బతుకుతున్నారు. చాలామందికి కాలు కూడా నిలుస్తోంది.

ఆ మెథోట్రెక్సేట్ ఎక్కడిదనుకున్నారు? 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో నడిపించిన పరిశోధనశాలది. ఫోలిక్ యాసిడ్‌కి విరుగుడుగా ఆయన బృందం తయారుచేసిన మందుల్లో అదొకటి. ఆయన 1948లోనే పోయారు. తన మందు ఎముక కాన్సర్ వచ్చిన కుర్రాళ్ళని నిలబెట్టడం ఆయన చూడలేదు. ఆసుపత్రిలో తెలుగు తల్లిదండ్రులకి ధైర్యం చెప్పేటప్పుడు నేను ఈ మాట తప్పకుండా చెబుతాను. "ఈ మందు మనోడిదే" అంటే వాళ్ళ మొహాల్లో కొంచెం వెలుగొస్తుంది.

పెన్షన్ రూలు ఎక్కడిది

ఇక అసలు విషయానికి వద్దాం. మన డిజబిలిటీ పెన్షన్‌కి రెండు మాటలు పునాది. ఒకటి ఎట్రిబ్యూటబుల్, అంటే సర్వీసు వల్ల వచ్చింది. రెండోది ఎగ్రవేటెడ్, అంటే సర్వీసు వల్ల ముదిరింది. ఈ రెండూ మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ మాటలు. 1916లో వాళ్ళు పెన్షన్లకి ప్రత్యేకంగా ఒక మంత్రిత్వశాఖే పెట్టారు. జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని రుజువు చేసుకోవలసిన బాధ్యత మొదట్లో సిపాయి మీదే ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో గొడవ పెరిగి 1943లో దాన్ని తిరగేశారు. కాదని రుజువు చెయ్యవలసింది సర్కారే, అనుమానం ఉంటే అది సిపాయికే మేలు చెయ్యాలి అన్నారు.

అయినా కాన్సర్ దగ్గరకొచ్చేసరికి గండం తప్పలేదు. అన్నవాహికలో కాన్సర్ వచ్చి చనిపోయిన ఒక ఆర్మీ ఆఫీసరు భార్య పెట్టుకున్న కేసు 1947లో జస్టిస్ డెన్నింగ్ ముందుకి వచ్చింది. మిల్లర్ కేసు అంటారు. రుజువు ఎంత గట్టిగా ఉండాలి అన్నదానికి లా చదివేవాళ్ళు ఈ రోజుకీ ఆ తీర్పునే చెబుతారు. కాని ఆ వితంతువు మాత్రం ఓడిపోయింది. లా పుస్తకాల్లో ఆ తీర్పు పేరు నిలిచింది, ఆమెకి పెన్షన్ రాలేదు.

మన దేశంలో ఆర్మీ పెన్షన్ రెగ్యులేషన్స్ 1961లో వచ్చాయి. అందులో 173వ నిబంధన ప్రకారం సర్వీసు వల్ల వచ్చిన లేదా ముదిరిన వైకల్యం 20 శాతం, అంతకు మించి ఉండి బోర్డు అవుట్ అయితే డిజబిలిటీ పెన్షన్. తర్వాత 1982 జనవరి 1 నుంచి ఎంటైటిల్‌మెంట్ రూల్స్ అమలయ్యాయి. అందులో మూడు మాటలు ప్రతి ఫౌజీ గుర్తుంచుకోవాలి. భర్తీ రోజున కాగితాల మీద ఏ లోపమూ రాయకపోతే మనిషి ఆరోగ్యంగా వచ్చినట్టే లెక్క. రుజువు చేసుకొమ్మని సిపాయిని అడగకూడదు, అనుమానం అతని పక్షమే. ఇక కారణమే తెలియని జబ్బయితే, ఆ అనుకూలతని డాక్టర్లు కారణాలు చూపి కొట్టెయ్యలేకపోతే, ఒప్పుకోవాలి.

బ్రాకెట్టులో ఒక వాక్యం

ఇంత మంచి రూల్సు చివర ఒక జాబితా ఉంది. కొండ ఎత్తు వల్ల వచ్చేవి, ఎండ చలి వల్ల వచ్చేవి, మార్చింగ్ వల్ల వచ్చేవి అని జబ్బులు విడదీసి పెట్టారు. ఆఖరున "మామూలుగా సర్వీసు ప్రభావం లేని జబ్బులు" అని ఇంకో వరస. అందులో మొదటిది కాన్సర్. రెండోది సర్కోమా. కాని సర్కోమా పక్కనే బ్రాకెట్టులో ఒక మినహాయింపు పెట్టారు. దాని సారం ఇదీ: సర్వీసులో దెబ్బ తగిలి, ఆ దెబ్బ తగిలిన చోటే గడ్డ పుట్టినట్టు చరిత్ర ఉంటే, ఎముక సర్కోమాని ఈ వరసలో చేర్చకూడదు.

కాన్సర్లన్నిటికీ మూసిన తలుపు ఎముక కాన్సర్‌కి మాత్రం ఓరగా తెరిచి ఉంది. ఎందుకు? ఇది వైద్య చరిత్రలో పాత వాదం. న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ, దెబ్బ తగిలిన చోట సర్కోమా పుడుతుందని గట్టిగా నమ్మేవాడు. ఇంకో పెద్ద డాక్టర్ జేమ్స్ ఈవింగ్, ఆయన పేరు మీద కూడా ఒక ఎముక కాన్సర్ ఉంది, అంత సులువుగా ఒప్పుకోలేదు. దెబ్బ నిజంగా తగిలిందా, అంతకుముందు ఆ భాగం బాగుందా, గడ్డ సరిగ్గా ఆ చోటే వచ్చిందా, మధ్యలో తగినంత కాలం గడిచిందా అని పరీక్షలు పెట్టాడు. మన బ్రాకెట్టులో వాక్యం చూస్తే ఆ ప్రశ్నలే గుర్తొస్తాయి.

ఇప్పటి డాక్టర్లు దెబ్బ వల్ల కాన్సర్ పుట్టదనే అంటారు. ముందే ఉన్న గడ్డని దెబ్బ బయటపెడుతుంది, దెబ్బ తగిలింది కాబట్టి అక్కడ చూస్తాం, అంతే అంటారు. సైన్సుగా అది సరైనదే కావచ్చు. కాని ఎగ్రవేటెడ్ అనే రెండో మాట ఉంది కదా. లోపల పుచ్చిన ఎముక మీద బరువు మోయించి, గొయ్యి దాటించి, రోడ్డు మార్చి చేయిస్తే ఆ ఎముక విరగొచ్చు. బెణుకు అనుకుని నాలుగు నెలలు గడిపితే జబ్బు ముదురుతుంది. ఇది డాక్టరు కాని వాడికి కూడా అర్థమయ్యే సంగతి.

ఒక కుర్రాడి ఫైలు

2005 ప్రాంతంలో నేను చూసిన ఒక ఫైలు సంగతి చెబుతాను. పేరు, యూనిట్ చెప్పను. విజయనగరం జిల్లా కుర్రాడు, మూడేళ్ళ సర్వీసు. ఫిజికల్ టెస్టులో తొమ్మిదడుగుల గొయ్యి దూకుతూ ఎడమ మోకాలు బెణికింది. కొన్ని నెలలకి అదే మోకాలి దగ్గర ఆస్టియోసార్కోమా అని తేలింది. కాలు తీసేశారు. మెడికల్ బోర్డు కాగితం మీద మాత్రం సర్వీసు వల్ల రాలేదు, ముదరలేదు అని రాశారు. ఇంజురీ రిపోర్టు, అంటే మన ఐ.ఎ.ఎఫ్.వై. 2006 ఫారం, అసలు తయారే కాలేదు.

వాళ్ళ నాన్న కూలి రైతు. ఆయన నన్నొక మాట అడిగాడు: "బాబూ, మావోడ్ని భర్తీలో తీసుకున్నప్పుడు పళ్ళు లెక్కెట్టారు, పాదాలు సూసారు, గుండెలు కొలిసారు. అప్పుడు లేని రోగం ఇప్పుడెక్కడ్నుంచొచ్చింది?" ఆయనకి చదువు లేదు. కాని 1982 రూల్సులో మొదటి మాట సరిగ్గా అదే.

తేడా ఎంతో ఆలోచించండి. సర్వీసు వల్ల అని ఒప్పుకుంటే ఎన్నేళ్ళు చేశాడన్నది చూడకుండా సర్వీస్ ఎలిమెంటు, దాని మీద డిజబిలిటీ ఎలిమెంటు, జీవితాంతం. పెన్షనరు కాబట్టి 2003లో మొదలైన ఇ.సి.హెచ్.ఎస్. వైద్యం కూడా. ఒప్పుకోకపోతే, పదేళ్ళ సర్వీసు లేదు కాబట్టి అప్పటి రూలు ప్రకారం ఒక్కసారి ఇచ్చే గ్రాట్యుటీ. ఆపైన కీమోకి అప్పే గతి.

పాత కాగితాలు వెతికితే ఎం.ఐ. రూము సిక్ రిపోర్టు రిజిస్టరులో ఒక లైను దొరికింది. తేదీ, ఎడమ మోకాలు, దూకుతుండగా బెణుకు. అంతే. ఆ పేజీ నకలు మీద యూనిట్ సంతకం చేయించి అప్పీలుకి జతచేశాం. అప్పీలు నెగ్గింది, ఎగ్రవేటెడ్ అని ఒప్పుకున్నారు. కాని ఆ ఉత్తరం వచ్చేనాటికి కుర్రాడు లేడు. బకాయి డబ్బుతో మందుల అప్పు తీరిందని వాళ్ళ నాన్న ఎవరిచేతో ఉత్తరం రాయించాడు.

కోర్టులు ఏమన్నాయి

చాలాకాలం కోర్టులు బోర్డు మాటే ఆఖరి మాట అనేవి. 2007లో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ చట్టం వచ్చింది, 2009లో ట్రిబ్యునల్ పని మొదలుపెట్టింది. కలకత్తాలోనూ ఒక బెంచి ఉంది. అంతవరకూ మనవాళ్ళకి హైకోర్టే దిక్కు.

పెద్ద మలుపు 2013 జులై 2న వచ్చింది, ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. అది మూర్ఛ జబ్బు కేసు. సిగ్నల్స్ జవాను, 1985లో భర్తీ, 1994లో బోర్డు అవుట్. భర్తీలో రాయని జబ్బు తర్వాత వస్తే సర్వీసులోదే అనుకోవాలి, కాదంటే బోర్డు కారణాలు రాయాలి, ఊరికే ఒక్క ముక్కలో తోసెయ్యకూడదు అని కోర్టు చెప్పింది. 2015లో రాజ్‌బీర్ సింగ్ కేసులో అదే మాట గట్టిపడింది. ఇవి కాన్సర్ కేసులు కావు. కాని బోర్డు కారణం రాయాలన్న సూత్రం అన్ని జబ్బులకీ వర్తిస్తుంది. 2025లో పంజాబ్-హర్యానా హైకోర్టు, సర్కోమాతో మరణించిన ఒక జవాను తల్లికి ట్రిబ్యునల్ ఇమ్మన్న స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్‌ని నిలబెట్టింది. అది ఎముకలో పుట్టిన సర్కోమా కాదు, అయినా జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన దారి మూసుకుపోదని దాన్నిబట్టి తెలుస్తోంది.

శాతం విషయంలోనూ మార్పులొచ్చాయి. 1996 జనవరి 1 నుంచి బోర్డు అవుట్ అయినవారికి 50 కంటే తక్కువ శాతాన్ని 50గా, 50 నుంచి 75 దాకా 75గా, ఆపైన 100గా లెక్కిస్తున్నారు. నూటికి నూరు శాతం వైకల్యం ఉండి పక్కన మనిషి కావలసి వస్తే, బోర్డు సిఫారసు మీద అటెండెన్స్ అలవెన్సు ఉంది. కాలు పోవడం ఒకటి, కాన్సర్ ఒకటి. రెండూ విడివిడిగా రాసి, కలిపి ఎంతో రాయాలి. కాలు ఒక్కటే రాసి వదిలేశారేమో చూసుకోవాలి.

జబ్బు పరుగు, ఫైలు నడక

అమెరికాలో 2008లో సోషల్ సెక్యూరిటీ వాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. కొన్ని జబ్బుల పేరు చూడగానే వైకల్యం ఉన్నట్టే లెక్క, ఫైలు వరసలో నిలబడనక్కర్లేదు. శరీరంలో దూరంగా పాకిన, లేదా ఆపరేషనుకి లొంగని ఎముక కాన్సర్ ఆ జాబితాలో ఉంది. అక్కడ ఫౌజీ అయినా కాకపోయినా అదే పద్ధతి. మన దగ్గర బోర్డు, రికార్డ్స్ ఆఫీసు, ప్రయాగ్‌రాజ్ పెన్షన్ ఆఫీసు, మొదటి అప్పీలు, రెండో అప్పీలు, ట్రిబ్యునల్ అని ఒకదాని తర్వాత ఒకటి. మోకాలి నొప్పో, వినికిడి లోపమో అయితే మనిషి అన్నాళ్ళు ఆగగలడు. ఈ జబ్బు ఆగదు. తొందరగా పాకే జబ్బులకి ఫైలు కూడా తొందరగా నడిచే దారి మనకీ ఉండాలని నా అభిప్రాయం.

ఈనాటి రూల్సు

కొన్ని మేలు మార్పులూ వచ్చాయి. 2020 జులైలో రక్షణశాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, 2019 జనవరి 4న గాని ఆ తర్వాత గాని సర్వీసులో ఉన్నవారు, ఫౌజు పనికీ సివిల్ ఉద్యోగానికీ శాశ్వతంగా పనికిరాకుండా పోతే, పదేళ్ళు నిండకపోయినా ఇన్‌వాలిడ్ పెన్షన్ ఉంది. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త ఎంటైటిల్‌మెంట్ రూల్స్, మెడికల్ ఆఫీసర్ల కొత్త గైడు అమల్లోకి వచ్చాయి. ఆ తేదీ తర్వాత సర్వీసు నుంచి వెళ్ళేవారికి అవే లెక్క. ముందు వెళ్ళినవారికి పాత రూల్సే. అందుకే పాత బ్రాకెట్టు ఈ రోజుకీ కొంతమంది ఇళ్ళలో బతికే ఉంది.

2022లో అగ్నిపథ్ వచ్చింది. పదిహేడున్నర దాటిన కుర్రాళ్ళు నాలుగేళ్ళకి వెళ్తున్నారు. ఎముక కాన్సర్ వచ్చే వయసూ అదేనని పైన చెప్పాను. అగ్నివీరుకి సర్వీసు వల్ల వైకల్యం వస్తే 100, 75, 50 శాతాలకి 44, 25, 15 లక్షల సాయం అన్నారు. సర్వీసు వల్ల అని తేలితేనే. అంటే పాత ప్రశ్నే కొత్త కుర్రాడి ముందుకి వచ్చింది.

మనం చెయ్యవలసినది

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఫౌజులో రాయనిదే ఏదీ జరిగినట్టు కాదు. మన సంఘంలో సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి, కొడుకుల్ని పంపిన అన్నయ్యలకి, వదినలకి కొన్ని మాటలు మనవి చేస్తాను.

దెబ్బ చిన్నదైనా సిక్ రిపోర్టులో రాయించండి. ఏ చోట, ఏ పని చేస్తుండగా, ఏ తేదీన అన్నవి ముఖ్యం. ఇంజురీ రిపోర్టు ఫారం కావాలని మర్యాదగా అడగండి, నకలు దాచుకోండి. సీనియర్ ఏమనుకుంటాడో అని కుర్రాళ్ళు నొప్పి దాచేస్తారు, ఆ అలవాటు మాన్పించండి. మోకాలి నొప్పి మూడు వారాలైనా తగ్గకపోతే, రాత్రిపూట లేస్తే, ఎక్స్-రే అడగండి. ఇది పెన్షన్ కోసం కాదు, ప్రాణం కోసం. బోర్డు కాగితం చేతికొస్తే సర్వీసు వల్ల కాదన్న చోట కారణం ఏం రాశారో చూడండి. కారణం లేకపోతే అదే మీ అప్పీలుకి మొదటి లైను. అప్పీలు గడువు దాటనివ్వకండి.

ఇక కలకత్తాలో ఉన్న మనందరికీ ఒక మనవి. ఆసుపత్రికి వచ్చే తెలుగు కుటుంబాలకి భోజనం, వసతితో పాటు కాగితం చదివి పెట్టే మనిషి కూడా కావాలి. ఎక్స్-రే చూడటం డాక్టరు పని. రిజిస్టరులో ఆ ఒక్క లైను వెతికి పెట్టడం మనం చెయ్యగలిగిన పని. వారానికి ఒక పూట ఆ పనికి వచ్చేవారు పేరివ్వండి, మొదటి పేరు నాది రాసుకోండి.

జై హింద్.